మీకు తెలుసా? కారు ధర పడిపోతుంది, పార్టుల ధర పడదు

కొత్తగా ఉన్నప్పుడు 50 లక్షలు పలికిన జర్మన్ సెడాన్ పది పన్నెండేళ్లు తిరిగేసరికి కొత్త చిన్నకారు ధరకు దిగివస్తుంది. బెంజ్ ఇ-క్లాస్, బీఎండబ్ల్యూ 5 సిరీస్, ఆడి ఏ6, ఏదైనా ఇదే వరస. అయితే తగ్గేది కారు ధర ఒక్కటే. అందులోని గేర్‌బాక్సు, ఎయిర్ సస్పెన్షన్, హెడ్‌లైటు ఇప్పటికీ 50 లక్షల కారు సామానే, షోరూమ్‌లో ఆ లెక్కనే బిల్లు వేస్తారు. అందుకని ఇలాంటి కారు బేరానికి వెళ్లేవాళ్లు రంగు, లెదర్ సీట్లు చూసి మనసు పారేసుకునే ముందు కొన్ని సంగతులు తెలుసుకోవాలి. వీటిలో చాలావాటికి పైసా ఖర్చుండదు.

చూడటానికి వస్తున్నామని చెప్పగానే అమ్మేవాళ్లు కారు కడిగి, స్టార్ట్ చేసి, ఏసీ వేసి ఉంచుతారు. మర్యాదకే చేసినా సరే, మనకు అది నష్టం. ఇంజిన్‌లోని చాలా లోపాలు బయటపడేది రాత్రంతా ఆగి చల్లబడ్డాక తొలిసారి స్టార్ట్ చేసినప్పుడే. "పొద్దున్నే వస్తామండీ, మేం వచ్చేదాకా స్టార్ట్ చేయకండి" అని ముందే ఫోన్‌లో చెప్పండి. వెళ్లగానే బోనెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా తగిలితే మొహమాటపడకుండా ఇంకో రోజు వస్తామనండి.

అంత పట్టుదల ఎందుకో బీఎండబ్ల్యూ ఎన్47 డీజిల్ ఇంజిన్ చరిత్ర తెలిస్తే అర్థమవుతుంది. మన రోడ్ల మీద తిరిగే 320డి, 520డి కార్లు ఎన్నింటిలోనో ఉన్నది ఇదే. 2007లో వచ్చిన ఈ ఇంజిన్‌లో టైమింగ్ చెయిన్‌ను ముందువైపు కాకుండా వెనక, గేర్‌బాక్సు వైపు అమర్చారు. చెయిన్ గానీ, అది జారే ప్లాస్టిక్ గైడ్లు గానీ అరిగితే వాటిని మార్చడానికి గేర్‌బాక్సు దించాలి, లేదా ఇంజిన్‌నే బయటికి తీయాలి. సామాను కన్నా కూలి భారం. పట్టించుకోకుండా నడిపి చెయిన్ తెగితే వాల్వులు వెళ్లి పిస్టన్లకు తగులుతాయి, ఇంజిన్ చేతికి రాదు. 2011 దాకా తయారైనవాటి మీద ఫిర్యాదులు ఎక్కువ. స్టార్ట్ చేయించి, మీరు బయటే నిలబడి, ఇంజిన్ వెనకభాగం దగ్గర, అంటే ముందు అద్దం వైపు, చెవి పెట్టండి. యాక్సిలరేటర్‌ను మెల్లగా 1500 నుంచి 2000 ఆర్‌పీఎం దాకా తొక్కమనండి. డీజిల్ ఇంజిన్ మామూలు టకటకల మధ్య గొలుసు రేకుకు రాసుకుంటున్నట్టు గరగర వినిపిస్తే ఆ కారు వదిలేయడమే మంచిది.

చెయిన్ జబ్బు బీఎండబ్ల్యూ ఒక్కదానిదే కాదు. డబ్ల్యూ204 తరం బెంజ్ సి-క్లాస్‌లో వచ్చిన ఎం271 పెట్రోల్ ఇంజిన్‌లోనూ చెయిన్ సాగుతుంది, క్యామ్ గేర్ల పళ్లు అరుగుతాయి. చల్లటి స్టార్ట్‌లో రెండు మూడు సెకన్లు గలగలమని, ఆయిల్ పైకి ఎక్కగానే ఆగిపోతుంది. వేడెక్కిన ఇంజిన్‌తో టెస్ట్ డ్రైవ్ చేసినవాళ్లకు ఇది ఎప్పటికీ వినపడదు.

ఆడి 2.0 టీఎఫ్ఎస్ఐ పెట్రోల్ కార్ల సంగతి వేరు. 2008 తర్వాత మొదటి కొన్నేళ్లలో వచ్చినవి పిస్టన్ రింగుల లోపంతో ఆయిల్ తాగేస్తాయి. సర్వీసుకీ సర్వీసుకీ మధ్య ఎంత ఆయిల్ పోస్తున్నారని సూటిగా అడగండి. డిక్కీలో సగం వాడిన ఆయిల్ డబ్బా కనిపిస్తే మళ్లీ అడగండి.

"ఈ గేర్‌బాక్సులో ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదు" అనే మాట అమ్మేవాళ్ల నోటే కాదు, కొందరు మెకానిక్కుల నోటా వింటాం. బీఎండబ్ల్యూలో విరివిగా వాడిన 8 స్పీడ్ ఆటోమేటిక్ గేర్‌బాక్సును తయారుచేసింది జర్మనీకి చెందిన జెడ్ఎఫ్ కంపెనీ. ఆ జెడ్ఎఫ్ సంస్థే 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల లోపు ఆయిల్ మార్చమంటోంది. ఫిల్టర్ ప్లాస్టిక్ సంపులో భాగంగా ఉంటుంది కాబట్టి సంపు మొత్తం మార్చాలి, ఆయిల్ కూడా నిర్ణీత రకమే పోయాలి. లక్ష దాటిన కారుకు ఈ పని చేసిన బిల్లు చూపిస్తే ఆ ఓనరు బండిని ప్రేమగా చూసుకున్నాడని నమ్మొచ్చు. బిల్లు లేకపోతే ఆ ఖర్చును బేరంలో తగ్గించమనండి. టెస్ట్ డ్రైవ్ కనీసం అరగంట చేయాలి. గేర్‌బాక్సు చల్లగా ఉన్నప్పుడు ఒకలా, బాగా వేడెక్కాక ఒకలా ప్రవర్తిస్తుంది. చివర్లో కారు ఆపి, బ్రేకు మీద కాలుంచి రివర్స్‌లోకి, మళ్లీ డ్రైవ్‌లోకి మార్చి చూడండి. ఒక్క క్షణం ఆలస్యమై దబ్బున తన్నితే లోపల అరుగుదల మొదలైంది.

1998లో వచ్చిన ఎస్-క్లాస్‌తో బెంజ్ తన ఎయిర్ సస్పెన్షన్‌ను పరిచయం చేసింది. పేరు ఎయిర్‌మాటిక్. స్ప్రింగుల బదులు రబ్బరు గాలి తిత్తులు కారును మోస్తాయి. ఏళ్లు గడిచేకొద్దీ ఆ రబ్బరు మడతల దగ్గర పగుళ్లిచ్చి గాలి సన్నగా కారుతుంది. స్టార్ట్ చేయగానే కంప్రెసర్ గాలి నింపి కారును పైకి లేపేస్తుంది గనక పగలు చూసినవాళ్లకు ఏ తేడా తెలియదు. కారే గాలిని పూడ్చడానికి ఆ కంప్రెసర్ అదేపనిగా తిరిగి తిరిగి చివరికి కాలిపోతుంది. ఒక తిత్తితో పోయేది కంప్రెసర్‌తో కలిపి రెండు ఖర్చులవుతుంది. పొద్దున్నే వెళ్తే ఇక్కడా లాభమే. స్టార్ట్ చేయకముందు నాలుగు చక్రాల పైన ఫెండర్‌కూ టైరుకూ మధ్య సందులో వేళ్లు పెట్టి కొలవండి. ఒక మూల మిగతావాటికన్నా కిందికి ఉంటే అనుమానించాలి. స్టార్ట్ చేశాక కంప్రెసర్ ఎంతసేపు మోగుతుందో వినండి.

2002 నాటి డబ్ల్యూ211 ఇ-క్లాస్ తన బ్రేకు ఎన్నిసార్లు తొక్కారో లెక్క పెట్టుకుంటుంది! ఎస్‌బీసీ అనే ఎలక్ట్రానిక్ బ్రేకు యూనిట్ లోపలి లెక్క పరిమితికి చేరగానే ఎర్ర హెచ్చరిక వస్తుంది, యూనిట్ మార్చాల్సిందే. 2006 ఫేస్‌లిఫ్ట్‌తో కంపెనీ ఈ పద్ధతిని మానేసింది. అంతకు ముందటి కారైతే స్కానర్‌తో ఆ లెక్క చూడకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు.

మీటర్ వెనక్కి తిప్పడం ల్యాప్‌టాప్ ఉన్నవాడికి కొన్ని నిమిషాల పని. కానీ ఈ కార్లలో కిలోమీటర్ల లెక్క మీటర్లో మాత్రమే ఉండదు. చాలా బీఎండబ్ల్యూ తాళం చెవుల్లో కూడా రీడింగ్ నమోదవుతుంది, సర్వీస్ సెంటర్లో ఆ చెవిని రీడర్ మీద పెడితే కనిపిస్తుంది. ఇతర కంట్రోల్ యూనిట్లలోనూ ఆనవాళ్లు మిగులుతాయి. పాత సర్వీసు బిల్లులు, ఇన్సూరెన్స్ తనిఖీ కాగితాలు, పొల్యూషన్ సర్టిఫికెట్లు వరసగా పెట్టుకుని తేదీలతో పోల్చండి. కళ్లతో చూసేవీ ఉన్నాయి. రీడింగ్ 45,000 అంటూ డ్రైవర్ సీటు ఎక్కే వైపు అంచు నలిగి, బ్రేకు పెడల్ రబ్బరు నున్నబడి, స్టీరింగ్ తోలు మెరుస్తుంటే ఆ రీడింగ్‌ను నమ్మలేం.

ముందురోజు సాయంత్రం స్కానర్ పెట్టి ఎర్రర్ కోడ్లన్నీ చెరిపేసే వాళ్లున్నారు. దానికీ విరుగుడుంది. కోడ్లు చెరిపితే కారు తనను తాను పరీక్షించుకునే మానిటర్లు కూడా మొదటికొస్తాయి, మళ్లీ పూర్తికావడానికి కొంత డ్రైవింగ్ అవసరం. మీ స్కానర్‌లో కోడ్లేవీ లేకుండా, మానిటర్లు మాత్రం "పూర్తి కాలేదు" అని చూపిస్తే ఎవరో ఈమధ్యనే తుడిచారని అర్థం. బ్యాటరీ తీసి పెట్టినా ఇలాగే చూపించవచ్చు కాబట్టి అడిగి తెలుసుకోండి. చవక స్కానర్ ఇంజిన్ వరకే చదువుతుంది. బీఎండబ్ల్యూకి ఇస్టా, బెంజ్‌కి జెంట్రీ, ఆడికి ఓడిస్ అనే కంపెనీ స్కానింగ్ సాఫ్ట్‌వేర్ ఉన్న చోట చూపిస్తే ఏసీ నుంచి ఎయిర్‌బ్యాగ్ దాకా అన్నీ బయటికొస్తాయి. ఎయిర్‌బ్యాగ్ అంటే గుర్తొచ్చింది: ఇగ్నిషన్ వేయగానే ఆ దీపం వెలిగి, కొన్ని సెకన్లకు ఆరాలి. అసలు వెలగకపోతే ఎవరో దాన్ని చంపేశారు. యాక్సిడెంట్లో తెరుచుకున్న ఎయిర్‌బ్యాగులు మళ్లీ పెట్టించకుండా అమ్మే కార్లలో ఇలా చేస్తారు. ప్రాణాలతో ఆడుకోవడమే ఇది, బేరం అక్కడితో ఆపేయాలి.

2015 డిసెంబరులో చెన్నై, 2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరులో విజయవాడ. మూడు చోట్లా కార్లు నీట మునిగాయి. మునిగిన కార్లు ఇన్సూరెన్స్ సెటిల్మెంట్ తర్వాత వేలంలో చేతులు మారి, శుభ్రం చేయించుకుని మళ్లీ మార్కెట్‌కు వస్తాయి. లగ్జరీ కార్లలో దీని దెబ్బ గట్టిది, ఎందుకంటే కంట్రోల్ యూనిట్లు, వైరింగ్ కనెక్టర్లు కార్పెట్ల కిందా, డిక్కీ పక్కలోనూ ఉంటాయి. తుప్పు నెమ్మదిగా పట్టి, ఆర్నెల్ల తర్వాత ఒక్కొక్కటీ మొరాయిస్తుంది. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి. కార్లు కడిగేవాళ్లు అంతదూరం లాగరు, బురద గీత అక్కడ మిగిలిపోతుంది. స్టెప్నీ గుంతలో, సీటు కింది పట్టాల మూలల్లో ఒండ్రు ఉందేమో టార్చి వేసి చూడండి.

వరద రాకపోయినా కారులోకి నీళ్లు రావచ్చు. సన్‌రూఫ్ చుట్టూ ఉన్న కాలువ నాలుగు మూలల నుంచి సన్నటి గొట్టాల ద్వారా నేల మీదికి వెళ్తుంది. దుమ్ము, ఆకులు పడి గొట్టం పూడుకుంటే వాననీరు లోపలికి దిగుతుంది. సన్‌రూఫ్ తెరిచి, కాలువలో చిన్న గ్లాసుతో నీళ్లు మెల్లగా పోసి, కారు కింద చుక్కలు పడుతున్నాయో లేదో చూడండి.

టైరు మీద డాట్ అక్షరాల తర్వాత వచ్చే చివరి నాలుగంకెలు 2319 అని ఉంటే అది 2019లో 23వ వారం తయారైనది. స్టెప్నీ లేని బీఎండబ్ల్యూ రన్‌ఫ్లాట్ టైర్లు ఒక్కోటి ఎంతో ముందే కనుక్కోండి. పంక్చరయ్యాక అవి 80 కిలోమీటర్ల వేగం మించకుండా సుమారు 80 కిలోమీటర్లు మాత్రమే లాగుతాయి.

ఇక కాగితాలు. ఢిల్లీ పరిసరాల్లో 10 ఏళ్లు దాటిన డీజిల్, 15 ఏళ్లు దాటిన పెట్రోల్ బండ్లు తిరగకూడదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. 2025లో కోర్టు కొంత సడలింపు ఇచ్చింది. ఈ నిబంధన వల్ల ఢిల్లీ రిజిస్ట్రేషన్ లగ్జరీ డీజిల్ కార్లు దక్షిణాదికి చవగ్గా వచ్చాయి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అలాంటిది కనిపిస్తే ఆ ధరకు రెండు అంకెలు కలిపి లెక్క వేయాలి. మొదటిది ఎన్‌ఓసీ తెచ్చి మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించే ఖర్చు. రెండోది లైఫ్ ట్యాక్స్. ఇతర రాష్ట్రాల బండ్లకు దీన్ని వయసుతో పాటు బండి మొదటి ధరను కూడా చూసి లెక్కగడతారు కాబట్టి, మీరు కొన్న ధర తక్కువైనా పన్ను తక్కువగా రాదు. ఆర్టీవో ఆఫీసులో ఆ అంకె కనుక్కున్నాకే బేరం మాట్లాడండి, ఎన్‌ఓసీ చేతికి రాకుండా మొత్తం సొమ్ము ఇవ్వకండి.

ఆర్సీలో బ్యాంకు పేరు ఉంటే అప్పు తీరిన లెటరు, ఫారం 35 తీసుకోవాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 50 ప్రకారం కొన్నవాళ్లు 30 రోజుల్లో ఆర్టీవోకు తెలియజేయాలి. ఇన్సూరెన్స్ గడువు ఇంకా చిన్నది. థర్డ్ పార్టీ కవరు బండితో పాటే మీకు వస్తుంది, కానీ మీ కారుకు జరిగే నష్టానికి వర్తించే భాగం మీ పేరు మీదికి మారేదాకా పనిచేయదు. అమ్మినవాళ్ల నో క్లెయిమ్ బోనస్ వాళ్లకే చెందుతుంది, మీకు రాదు. పాలసీ మార్పిడి దరఖాస్తుకు 14 రోజులే సమయం. అందుకే తాళం చెవి తీసుకున్న రోజే పాలసీ మార్పిడి కాగితాలు కంపెనీకి పంపేయండి.