ప్రయాణానికి తగిన అద్దె కారు: రాయపూర్ నుంచి బస్తర్ దాకా

విజయనగరం నుంచి మీ అత్తయ్య, మామయ్య రైల్లో వచ్చి రాయపూర్‌లో దిగారనుకుందాం. ఇంట్లో మీరు ఇద్దరు, పిల్లలు ఇద్దరు. దసరా సెలవులు. మూడు రోజులు బస్తర్ చూసి రావాలని అందరూ అనుకున్నారు. ట్రావెల్స్ వారికి ఫోను చేస్తే అవతలి నుంచి వచ్చే మొదటి ప్రశ్న, "ఏ బండి కావాలి?" అని. మనలో చాలామంది దానికి జవాబు చెప్పరు. "కిలోమీటరుకు ఎంత?" అని ఎదురు ప్రశ్న వేస్తారు. ఈ పాఠంలో మనం ఆ మొదటి ప్రశ్నకు జవాబు ఎలా చెప్పాలో చూద్దాం.

ముందుగా, కారే ఎందుకు అన్న సందేహం రావచ్చు. రాయపూర్‌ను విజయనగరంతో కలిపే రైలుమార్గం 1931లో పూర్తయింది. కానీ అది టిట్లాగఢ్, రాయగడల మీదుగా పోతుంది, బస్తర్‌ను తాకదు. జగదల్‌పూర్ ఉన్నది విశాఖపట్నం-కిరందుల్ మార్గం మీద. అంటే రాయపూర్ నుంచి జగదల్‌పూర్‌కు పట్టాల మీద పోవాలంటే ఒడిశా అంతా చుట్టి రావాలి. రోడ్డు మీద అయితే సుమారు 300 కిలోమీటర్లు. ఒకప్పుడు 43వ నంబరు జాతీయ రహదారిగా పిలిచిన దారి అది. ఇప్పుడు 30వ నంబరు. ధమ్‌తరి, కాంకేర్, కేశ్‌కాల్, కొండగావ్ దాటుకుంటూ జగదల్‌పూర్ చేరుతుంది.

ఈ 300 కిలోమీటర్లలో కాంకేర్ దాటేదాకా దాదాపు చదును నేల. ఆ భాగంలో ఏ కారైనా నడుస్తుంది. కాంకేర్ తర్వాత కేశ్‌కాల్ ఘాట్ వస్తుంది. నాలుగైదు కిలోమీటర్ల దారి, పన్నెండు మలుపులు. అందుకే స్థానికులు దాన్ని 'బారహ్ భాంవర్' అంటారు. రాయపూర్ సముద్రమట్టానికి సుమారు 300 మీటర్ల ఎత్తులో ఉంటే జగదల్‌పూర్ సుమారు 550 మీటర్ల ఎత్తులో ఉంది. మైదానం నుంచి బస్తర్ పీఠభూమి మీదికి ఎక్కించే మెట్టు ఈ ఘాటే. కారు ఎంపికకు నేను చెప్పే సూత్రం ఇక్కడే ఉంది. ప్రయాణం మొత్తాన్ని చూసి బండి ఎంచుకోకండి. ఆ ప్రయాణంలో అన్నిటికంటే కష్టమైన పది కిలోమీటర్లను చూసి, ఆ పది కిలోమీటర్లలో బండిలో ఎంత బరువు ఉంటుందో చూసి ఎంచుకోండి.

బరువు అంటే మొదట మనుషులు. మోటారు వాహనాల చట్టం ప్రకారం డ్రైవరు కాక ఆరుగురి వరకు ఎక్కించుకునేది మోటార్ క్యాబ్; ఆరుగురికి మించి పన్నెండుగురి వరకు అయితే మ్యాక్సీ క్యాబ్. ఏ బండిలో ఎందరు ఎక్కవచ్చో దాని రిజిస్ట్రేషన్ పత్రంలో రాసి ఉంటుంది. డిజైర్ వంటి సెడాన్‌లో డ్రైవరు కాక నలుగురే. "పిల్లలే కదా, ఒళ్లో కూర్చుంటారు" అన్న మాట మన ఇళ్లలో ప్రతి ప్రయాణానికీ వినపడుతుంది. 2019 సవరణ తర్వాత పద్నాలుగేళ్లలోపు పిల్లలకు సీటు బెల్టు గానీ, పిల్లల సీటు గానీ లేకుండా తీసుకువెళితే వెయ్యి రూపాయల జరిమానా ఉంది. జరిమానా సంగతి అలా ఉంచండి. ఘాట్‌లో గట్టిగా బ్రేకు వేస్తే ఒళ్లోని బిడ్డను పట్టి ఆపగల చేతులు ఎవరికీ ఉండవు. కాబట్టి మన ఆరుగురికి సెడాన్ ప్రశ్నే లేదు.

ఇక ఏడు సీట్ల బండ్లు. ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. డిజైర్ డిక్కీ 380 లీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. దానికంటే పెద్ద బండి అయిన ఎర్టిగాలో మూడు వరుసల సీట్లూ వాడుకుంటే వెనుక మిగిలే చోటు 209 లీటర్లు మాత్రమే. అంటే మనుషులు పెరిగారు, పెట్టెలు పెట్టే చోటు దాదాపు సగానికి తగ్గింది! ఆరుగురి మూడు రోజుల బట్టలు, నీళ్ల సీసాలు, అత్తయ్యగారి పులిహోర డబ్బా అందులో పట్టవు. రెండు మెత్తటి సంచులు పడతాయి, అంతే. మిగిలినవి పైన క్యారియర్ మీదికి ఎక్కుతాయి. పైన బరువు పెరిగిన కొద్దీ బండి మలుపుల్లో ఎక్కువగా ఒరుగుతుంది. క్యారియర్ మీద కట్టక తప్పకపోతే దుప్పట్లు, బట్టల వంటి తేలిక సామాను పైన, బరువైనవి డిక్కీలో పెట్టించండి.

సి.ఎన్.జి. బండ్ల గురించి ఒక హెచ్చరిక. ఒకసారి నలుగురికి సరిపోతుందని నేను సెడాన్ మాట్లాడుకున్నాను. తెల్లవారుజామున బండి వాకిట్లోకి వచ్చాక డిక్కీ తెరిచి చూస్తే అందులో సిలిండరే ఉంది. ఫోనులో అడగనిది నేనే. నాలుగు పెట్టెల్లో రెండు ఇంట్లో వదిలి, రెండు కాళ్ల దగ్గర పెట్టుకుని పోయాం. "డిక్కీలో సిలిండరు ఉందా?" అని ఒక్క మాట అడిగితే ఆ తిప్పలు ఉండవు. పైగా సి.ఎన్.జి. బంకులు నగరంలో దొరికినట్టు అడవి దారిలో దొరుకుతాయని అనుకోకూడదు.

బొలేరో వంటి బండ్లు బస్తర్ రోడ్ల మీద ఎక్కువగా కనపడతాయి. గట్టి బండి, నిజమే. కానీ దాని వెనుక సీట్లు పక్కకు తిరిగి ఉంటాయి. పన్నెండు మలుపుల్లో పక్కకు తిరిగి కూర్చుంటే పిల్లలకు కడుపులో తిప్పడం ఖాయం, పెద్దలకు నడుం పట్టడం ఖాయం. అలాగే నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే జీపు అక్కరలేదు. చిత్రకోట్‌కు, తీరథ్‌గఢ్‌కు తారు రోడ్డు ఉంది. కాంగేర్ లోయలోని కుటుమ్‌సర్ గుహకు వెళ్లాలంటే మీ కారును అటవీశాఖ గేటు దగ్గరే వదిలి అక్కడి జిప్సీలో పోవాలి. అదీగాక ఆ గుహను వానాకాలంలో మూసి ఉంచుతారు. దసరా నాటికి తెరిచారో లేదో కనుక్కుని బయలుదేరడం మంచిది.

అత్తయ్య, మామయ్యల మోకాళ్లను కూడా లెక్కలోకి తీసుకోవాలి. మూడో వరుసలోకి పోవాలంటే మధ్య సీటు మడిచి వంగి దూరాలి. అక్కడ కూర్చుంటే మోకాళ్లు ఛాతీ దాకా వస్తాయి. అది పిల్లల చోటు. పెద్దవాళ్లకు మధ్య వరుస. ఇన్నోవా తరగతి బండిలో మధ్య వరుసలో విడివిడి సీట్లు ఉన్న ఏడు సీట్ల రకం, బల్లలాంటి సీటు ఉన్న ఎనిమిది సీట్ల రకం రెండూ ఉన్నాయి. మన ఆరుగురికి మొదటిది సుఖం. వెనుక ఇద్దరు పిల్లలు, వాళ్లతో ఒకరు, ముందు ఒకరు. నా సలహా అడిగితే బస్తర్‌కు ఆరుగురితో ఇన్నోవా తరగతి బండి. అదే ఆరుగురు ఒక్క పూటకు సిర్‌పూర్ వెళ్లి లక్ష్మణ ఆలయం చూసి రావాలంటే ఎర్టిగా చాలు. అది సుమారు 80 కిలోమీటర్లు, చదును దారి, పెట్టెల బాధ లేదు. ఏడో శతాబ్దపు ఆ ఇటుక గుడిని చూడటానికి భార్యాభర్తలు ఇద్దరే వెళితే చిన్న కారు ధారాళంగా సరిపోతుంది. పెద్ద బండి తీసుకోవడం దండగ.

ఇప్పుడు డబ్బు లెక్క. బయటి ఊళ్లకు పోయే బండికి రోజుకు ఇన్ని కిలోమీటర్లు అని కనీస పరిమితి ఉంటుంది. సాధారణంగా 250 లేదా 300. తిరిగినా తిరగకపోయినా అంతకు కట్టాలి. మన ప్రయాణం చూడండి. పోను 300, రాను 300. చిత్రకోట్ జగదల్‌పూర్ నుంచి సుమారు 40 కిలోమీటర్లు, తీరథ్‌గఢ్ సుమారు 35. రెండూ పోయిరావడానికి 150. మొత్తం 750. రోజుకు 300 చొప్పున మూడు రోజులకు బిల్లు మాత్రం 900 కిలోమీటర్లకు. లెక్క కోసం కిలోమీటరుకు సెడాన్ 14 రూపాయలు, ఎర్టిగా 16, ఇన్నోవా 20 అనుకుందాం. ఒక సెడాన్‌కు 12,600. ఆరుగురికి రెండు సెడాన్లు కావాలి కనుక 25,200. ఎర్టిగాకు 14,400. ఇన్నోవాకు 18,000. చివరి రెంటికీ తేడా 3,600. మనిషికి 600, రోజుకు 200. సుఖానికి, భద్రతకు మనం కట్టే ధర అది. వీటికి తోడు డ్రైవరు బత్తా, టోల్, పార్కింగు వేరే. కిలోమీటర్లు మీ ఇంటి నుంచి లెక్కిస్తారా, వాళ్ల గ్యారేజీ నుంచి లెక్కిస్తారా అన్నది కూడా ముందే అడగాలి.

రోజు అంటే చాలాచోట్ల అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి వరకు. రాత్రి పదింటికి బయలుదేరితే ఆ రెండు గంటలకూ ఒక పూర్తి రోజు పడుతుంది. పై ధర ప్రకారం ఆ రెండు గంటల ఖరీదు 6,000 రూపాయలు. పైగా చీకట్లో ఘాట్ ఎక్కాలి. తెల్లవారి ఐదింటికి బయలుదేరడం అన్ని విధాలా మేలు.

ఇక్కడే ఒక వల ఉంది. 900కు కట్టి 750 తిరిగాం కదా, మిగిలిన 150తో దంతెవాడ దంతేశ్వరి గుడి చూసి వద్దామని ఎవరో ఒకరు అంటారు. జగదల్‌పూర్ నుంచి పోయిరావడానికి సుమారు 170 కిలోమీటర్లు. అదనంగా పడేది ఇరవైకే. లెక్క ముచ్చటగానే ఉంది. కానీ అది మూడో రోజు పొద్దున పెట్టుకుంటే మధ్యాహ్నం దాటాక గానీ జగదల్‌పూర్ నుంచి ఇంటిదారి పట్టరు. కేశ్‌కాల్ చేరేసరికి చీకటి పడుతుంది, అప్పటికే డ్రైవరు పది గంటలుగా స్టీరింగు పట్టుకుని ఉంటాడు. దంతెవాడ చూడాలనుకుంటే రెండో రోజు తీరథ్‌గఢ్ మానుకోండి, లేదా నాలుగో రోజు కలుపుకోండి.

బండి ఏదైనా నంబరు ప్లేటు రంగు చూడండి. పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలు ఉంటే అద్దెకు తిప్పడానికి పర్మిట్ తీసుకునే బండి. నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉంటే మీరే నడుపుకునేందుకు అద్దెకు ఇచ్చేది. తెల్ల ప్లేటు సొంత కారు. తెలిసినవారి తెల్ల ప్లేటు బండి కిలోమీటరుకు రెండు రూపాయలు తక్కువకు వస్తుందంటే ఆశ పుడుతుంది. సొంత కారు బీమా పాలసీలో అద్దెకు తిప్పడం మినహాయింపు కింద ఉంటుంది. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ ఆ మాట చూపి తప్పుకోవచ్చు. గాయపడినవారు పరిహారం కోసం కోర్టుల చుట్టూ తిరగవలసి వస్తుంది. పర్మిట్ లేకుండా అద్దెకు తిప్పినందుకు పది వేల జరిమానా, ఆరు నెలల వరకు జైలు శిక్ష చట్టంలో ఉన్నాయి. దారిలో బండిని ఆపేస్తే పిల్లలతో రోడ్డు మీద నిలబడేది మీరే. బుక్ చేసినప్పుడే నంబరు అడిగి తీసుకుని ఎం-పరివాహన్ యాప్‌లో చూస్తే వాహన తరగతి, ఫిట్‌నెస్ గడువు, బీమా గడువు తెలుస్తాయి. అద్దె బండికి ఎనిమిదేళ్ల వయసు వరకు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏడాదికోసారి ఫిట్‌నెస్ పరీక్ష తప్పనిసరి.

కొందరు జగదల్‌పూర్ నుంచి అదే రహదారిన సుక్మా, కోంటా, చింతూరు దాటి భద్రాచలం పోతారు. అప్పుడు అఖిల భారత పర్యాటక పర్మిట్ ఉన్న బండి కావాలని ముందే చెప్పాలి. శబరి, గోదావరి పొంగినప్పుడు కోంటా, చింతూరుల దగ్గర రోడ్డు మునుగుతుంది కనుక వానాకాలంలో అక్కడి పరిస్థితి తెలుసుకోకుండా కదలవద్దు. మీరు భద్రాచలంలో దిగిపోయినా బండి ఖాళీగా తిరిగి వచ్చే దూరానికి సాధారణంగా మీరే కట్టాలి.

బస్తర్ దసరా 75 రోజుల పండుగ. దాని చివరి రోజుల్లో మంచి బండ్లు ముందే మాట్లాడుకుని పోతారు. ఆఖరి నిమిషంలో మిగిలిన బండితో సరిపెట్టుకోవలసి వస్తే కనీసం టైర్లు చూడండి. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. గాడుల మధ్య చిన్న దిమ్మెలు ఉంటాయి, టైరు అరిగి వాటికి సమమైతే ఆ టైరు పని అయిపోయినట్టే. స్టెప్నీ కూడా దింపించి చూడండి.

వెళ్లేటప్పుడు కేశ్‌కాల్ ఎక్కుడు, కష్టం ఇంజనుది. వచ్చేటప్పుడు దిగుడు, కష్టం బ్రేకులది. దిగే బండి బరువు ఎంత ఎక్కువైతే బ్రేకులు మింగవలసిన వేడి అంత ఎక్కువ. అదే పనిగా నొక్కిపెడితే అవి వేడెక్కి పట్టు సడలుతాయి. అందుకే ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి అంటారు అనుభవమున్న డ్రైవర్లు. తిరుగు ప్రయాణంలో బండి మరింత బరువెక్కి ఉంటుందని కూడా గుర్తుంచుకోండి. కొండగావ్ దాటుతూ ఢోక్రా కంచు బొమ్మలు కొనకుండా ఎవరూ రారు. ఘాట్ మొదలయ్యే ముందు బండి పది నిమిషాలు ఆపించి, డ్రైవరు చేత టీ తాగించి, ఆ బొమ్మలను కాళ్ల దగ్గర దొర్లకుండా సర్ది, అందరి బెల్టులూ చూసి, అప్పుడు దిగమనండి.