తీపి మానితే చాలునా?

“చక్కెర వ్యాధి అని డాక్టరుగారు చెప్పిన నాటినుంచీ మా యింట్లో చక్కెర డబ్బా మూత తీయడం లేదండీ” అనే యిల్లాండ్రు ప్రొద్దుటూరులో వీధి వీధికీ కనిపిస్తారు. మంచిదే. కాని మూడు పూటలా తెల్లన్నం, సాయంత్రం వుగ్గాని, బజ్జీలు, ముద్ద ముద్దకూ వూరగాయ – యివి మాత్రం యథాప్రకారం సాగుతూనే వుంటాయి. మధుమేహ రోగుల్లో చాలామంది ప్రాణం తీసేది గుండె, రక్తనాళాల జబ్బు అన్న సంగతి వారికి తెలియదు.

అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ అనే పట్టణవాసులను 1948 నుంచి డాక్టర్లు యేళ్ల తరబడి పరీక్షిస్తూ వచ్చారు. మధుమేహం వున్నవారికి గుండెజబ్బు రెండు మూడు రెట్లు అధికమని 1979లో ప్రకటించారు. యీ విషయంలో స్త్రీలకు సహజంగా వుండే రక్షణ కూడా మధుమేహంతో తగ్గిపోతుంది.

కారణం ఏమిటి? రక్తంలో చక్కెర హెచ్చుగా వుంటే నాళాల లోపలి పొర దెబ్బ తింటుంది. అక్కడ కొవ్వు పేరుకుంటుంది. రక్తపోటు తోడైతే అగ్నికి వాయువు తోడైనట్టే. నరాలు మొద్దుబారినవారికి గుండెపోటు వచ్చినా ఛాతీలో నొప్పి తెలియకపోవచ్చు. వూరకే చెమటలు, ఆయాసం, నీరసం; అంతే. “గ్యాసు” అనుకుని సోడా తాగి పడుకోక, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

మధుమేహాన్ని మన పూర్వులు యెరుగుదురు. ధనవంతుడైన రోగిని శ్యామాకం వంటి చిరుధాన్యాలతో బ్రతకమన్నాడు సుశ్రుతుడు. పేదవాణ్ణి నూరు యోజనాలు నడవమన్నాడు, బావి తవ్వమన్నాడు! తిండి, శ్రమ – రెండూ మందులే నన్నమాట.

మన సీమలో ఒకప్పుడు కొర్రలు, జొన్నలు, రాగులే నిత్యాహారం. వరి అన్నం పండుగ భోజనం. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆకలి తీర్చిన ఆ బియ్యాన్ని నిందించరాదు. కాని నేడు నడక తగ్గింది, అన్నం రాశి తగ్గలేదు. పాలిష్ పట్టిన బియ్యం పైన పటారం, లోన లొటారం: పీచు పోయి పిండి మిగులుతుంది.

అలాగని సంగటి గదా అని ముద్ద మీద ముద్ద వేసుకోరాదు. అందులోనూ పిండి పదార్థమే వుంది, బియ్యమూ కలుస్తుంది. విస్తట్లో సగం కూరగాయలు, ఆకుకూరలు. పావు వంతు పప్పు, గుడ్డు లేక చేప. తక్కిన పావు వంతే అన్నమో, రొట్టో, సంగటో. యిదీ లెక్క.

జమ్మలమడుగు నల్లరేగళ్లలో పండే సెనగలు వున్నాయి గదా! వుడికించిన గుగ్గిళ్లు ఒక గుప్పెడు, బొరుగులకంటె యెన్నో రెట్లు మేలు. పులివెందుల చీనీకాయ తొనలుగా తినండి. రసం పిండితే పీచు పోయి తీపి మిగులుతుంది. చక్కెర బదులు బెల్లం వాడితే మంచిదన్న మాట వుత్త భ్రమ. చెనిక్కాయల నూనె శత్రువేమీ కాదు. కాచిన నూనెనే మళ్లీ మళ్లీ కాచడం, మోతాదు మించడం ముప్పు. వుప్పు రోజుకు మనిషికి 5 గ్రాములు మించరాదు. వూరగాయ, అప్పడం, వడియం – మూడూ ఒకేపూట విస్తట్లో చేరితే ఆ లెక్క తప్పినట్టే. పొగాకు సంగతి చెప్పనే అక్కరలేదు.

ఒక హెచ్చరిక. ఇన్సులిన్, మాత్రలు వాడేవారు డాక్టరు నడగకుండా వుపవాసాలు చేయరాదు. చక్కెర ఒక్కసారిగా పడిపోతే అదీ ప్రమాదమే. చక్కెరతో పాటు రక్తపోటు, కొవ్వు, మూత్రపిండాల పరీక్షలు కూడా చేయించుకోవాలి.

యింట్లో రోగికి వేరే కుండ పెట్టి, తక్కినవారు బజ్జీలు తింటూ కూర్చుంటే ఆ పథ్యం నాలుగు రోజులు నిలవదు. పై చెప్పిన భోజనం అందరికీ మంచిదే. ఒకే పొయ్యి, ఒకే వంట చాలు. అందరికీ వడ్డించి, చివరకు మిగిలిన అన్నం, చారుతో సరిపెట్టుకునే యిల్లాలు కూడా ఆ కూరలో తన వంతు తాను ముందే తీసి పెట్టుకోవాలి.