రాతిగోడల గణనమున రాతి దిశ

హంపీలో విజయనగర కోటగోడలను చూచినవారు వానిని మఱవజాలరు. పెక్కుచోట్ల ఆ మహాశిలల నడుమ సున్నము లేదు. రాతి బరువు, రాతికిని రాతికిని గల ఒరపిడి, పేర్చిన తీరు, ఇవియే గోడను నిలుపుచున్నవి. ఇట్టి గోడ భూకంపమున ఏమగునో కంప్యూటరుచే గణింపవలెనన్నచో, గోడనంతటిని ఒకే ముద్దగా భావించిన చాలదు. ప్రతి రాతి కదలికను వేఱుగా లెక్కింపవలెను. 1971లో పీటర్ కండల్ శిలాఖండముల కొఱకు ప్రతిపాదించిన వివిక్త మూలక పద్ధతి యిట్టిది.

ఇసుకరేణువును గోళముగా భావించినచో చిక్కు తక్కువ. గోళము ఎట్లు దొరలినను రూపు మాఱదు. దాని కేంద్రమెచట నున్నదో తెలుపు మూడు సంఖ్యలతో దాని స్థితి తేలును. రాతిదిమ్మె ఎటు తిరిగియున్నదో కూడ తెలియవలెను. దాని అంచు ప్రక్కరాతిని ఎచట తాకునో తేల్చునది ఆ దిశయే.

దిశను మూడు కోణములతో చెప్పవచ్చునని తోచును. 18వ శతాబ్దమున ఆయిలర్ చూపిన మార్గమదియే. కాని తిప్పిన వరుస మాఱినచో ఫలితము మాఱును. ఒక అగ్గిపెట్టెను పొడవు ఎడమనుండి కుడికి ఉండునట్లు బల్లపై వెల్లకిల నుంచుడు. దానిని మనవైపునకు పావుచుట్టు పొర్లించి, పిమ్మట బల్లపైననే పావుచుట్టు త్రిప్పినచో అది గీటుప్రక్కపై నుండును. ముందు బల్లపై త్రిప్పి, పిదప మనవైపునకు పొర్లించినచో నిలువుగా నిలుచును! అంతేకాక, నడిమి కోణము ఒక ప్రత్యేకమగు విలువను చేరినపుడు తక్కిన రెండు భ్రమణములును ఒకే అక్షముపై పడును, లెక్క తడబడును. కూలుచు దొరలు రాయి అట్టి స్థితికి చేరుట అరుదు కాదు.

అందుచే పెక్కు గణనములందు నాలుగు సంఖ్యల క్వాటర్నియన్‌ను వాడుదురు. మొదటి సంఖ్య ఎంత తిరిగినదో, తక్కిన మూడును ఏ అక్షముపై తిరిగినదో తెలుపును. 1843లో హామిల్టన్ డబ్లిను నగరమున దీనిని కనుగొని, సూత్రమును ఒక వంతెన రాతిపై చెక్కెను. రాతినుండి మరల రాతికే వచ్చినదన్నమాట. ఈ నాలుగింటి వర్గముల మొత్తము ఎల్లప్పుడు ఒకటి కావలెను. వేలకొలది మెట్లలో చిన్న చిన్న దోషములు చేరి అది తప్పును. అప్పుడప్పుడు సరిచేయనిచో లెక్కలోని రాయి ఆకారమే చెడును. కూలినది గోడయో, లెక్కయో అపుడు తెలియదు.

తొలి పేర్పునందును ఇంతే జాగ్రత్త వలయును. గోడ మందమునకు అడ్డముగా వేసిన రాళ్లే లోపలి వరుసను వెలుపలి వరుసతో బంధించును. వానిని కూడ నిడివిగానే వేసినట్లు లెక్కలో చేర్చినచో, నిజమైన గోడ నిలువగల కుదుపునకే లెక్కలోని గోడ రెండుగా చీలవచ్చును.