కొండ ప్రాంతాల్లో ప్రాంతీయ వాతావరణ నమూనాల పరీక్ష

పశ్చిమ కనుమల శిఖరాన ఉన్న మహాబలేశ్వరంలో ఏటా 5,500 మిల్లీమీటర్లకు పైగా వర్షం కురుస్తుంది. అక్కడికి తూర్పున 18 కిలోమీటర్ల దూరంలో ఉన్న పంచగనిలో కురిసేది అందులో దాదాపు మూడో వంతు మాత్రమే. 50 కిలోమీటర్ల గడులతో పనిచేసే నమూనాలో ఈ రెండు ఊళ్లూ ఒకే గడిలో ఇమిడిపోగలవు. ఆ గడికి వచ్చే ఒక్క అంకె రెండింటిలో ఏ రైతుకూ వర్తించదు.

ప్రపంచ నమూనాల గడులు మరింత పెద్దవి. వాటి ఫలితాలను సరిహద్దు సమాచారంగా తీసుకొని చిన్న ప్రాంతాన్ని సూక్ష్మంగా గణించడమే డౌన్‌స్కేలింగ్. 2009లో ఆరంభమైన కార్డెక్స్ కార్యక్రమంలో దక్షిణాసియాకు తొలుత సుమారు 50 కిలోమీటర్ల గడులతో గణనలు జరిగాయి. తరువాతి దశలో అవి 25 కిలోమీటర్లకు తగ్గాయి. అయితే గడి చిన్నదైనంత మాత్రాన లెక్క మెరుగుపడినట్లు కాదు. మాతృ నమూనా తప్పుగా ఇచ్చిన రుతుపవన ప్రవాహాన్ని ప్రాంతీయ నమూనా మరింత సూక్ష్మంగా తప్పు చూపగలదు. అందుచేత ముందుగా పరిశీలనల ఆధారంగా పునర్విశ్లేషించిన వాతావరణ సమాచారంతో దానిని నడిపి చూస్తారు. అప్పుడు నమూనా సొంత దోషమేదో, సంక్రమించిన దోషమేదో చాలావరకు వేరుపడుతుంది.

ప్రాంతీయ సగటుతో తీర్పు చెప్పడం ఈ రంగంలో తరచుగా కనిపించే పొరపాటు. గాలికి ఎదురుగా ఉన్న వాలున అధికంగా, వెనుక వాలున తక్కువగా వర్షం చూపే నమూనాలో రెండు దోషాలూ పరస్పరం రద్దయి సగటు చక్కగా సరిపోవచ్చు. ఎత్తుతో పాటు వర్షం ఎలా మారుతున్నదో విడిగా చూడనిదే ఈ లోపం బయటపడదు.

ఇక దేనితో పోల్చాలన్నది మరొక చిక్కు. భారత వాతావరణ విభాగపు 0.25 డిగ్రీల వర్షపాత సమాచారం 1901 నుండి లభిస్తున్నది. దాని వెనుక 6,955 కేంద్రాల రికార్డులున్నా, అవన్నీ ఏ ఒక్క రోజూ ఏకకాలంలో అందుబాటులో లేవు. వర్షమాపకాలు ఎక్కువగా ఊళ్లలో, రహదారుల చెంత, లోయల్లో ఉంటాయి. వాటి మధ్య శిఖరం ఉంటే అక్కడి అంకె చాలావరకు అంచనాయే. అటువంటి చోట తేడా కనబడగానే నమూనాను దోషిగా నిలబెట్టడం న్యాయం కాదు.

ఉష్ణోగ్రత విషయంలో మన పాడేరు, చింతపల్లి మన్యమే తగిన ఉదాహరణ. ఎత్తు కిలోమీటరు పెరిగితే ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుందన్న లెక్కతో నమూనా ఫలితాలను సవరించడం పరిపాటి. 1,000 మీటర్ల ఎత్తున ఉన్న కాఫీ తోటను గడి 500 మీటర్లుగా భావిస్తే, ఎత్తు కారణంగానే మూడు డిగ్రీలకు పైగా తేడా వస్తుంది. పగటి ఉష్ణోగ్రతకు ఈ సవరణ కొంతవరకు పనికివస్తుంది. చలికాలపు నిర్మలమైన రాత్రుల్లో మాత్రం తలకిందులవుతుంది. చల్లని, బరువైన గాలి వాలుల వెంట జారి లోయ అడుగున నిలుస్తుంది. అప్పుడు పై తోటకన్నా దిగువ మడి చల్లబడుతుంది. లంబసింగి పరిసరాల్లో మంచు గడ్డకట్టే ముప్పును అంచనా వేయవలసిన వేళ ఈ సవరణ లోయకు లేని వెచ్చదనాన్ని ఆపాదిస్తుంది.

గణాంక సవరణతో నెలవారీ సగటులను సరిదిద్దినా ఈ లోపం పోదు. కంటికి కనబడకుండా పోతుంది, అంతే. కాఫీకి కావలసినది మార్చి, ఏప్రిల్ నెలల మొత్తం వర్షం కాదు, మొగ్గ విచ్చే వేళకు పడే జల్లు. అది స్థానికంగా ఎగసే ఉరుము మేఘాల నుండి వస్తుంది. ఆ మేఘాలు 25 కిలోమీటర్ల గడిలో నేరుగా రూపుకట్టవు. కాబట్టి మన్యానికి వాడదలచిన నమూనాను జల్లు పడిన రోజులు, పొడి రోజుల వరుస, రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత అనే మూడింటిపై, వాలుకూ లోయకూ విడివిడిగా పరీక్షించాలి. అందుకు ఒకే కొండపై వేర్వేరు ఎత్తుల్లో అమర్చిన స్వయంచాలక కేంద్రాల రికార్డులు కొన్నేళ్లపాటు తెగకుండా ఉండాలి.