కంప్యూటర్ పరిశోధన: ప్రశ్న మొదలు ప్రచురణ దాకా

చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాల్లో ఎం.టెక్., ఎం.సి.ఎ. ముగించి పిహెచ్.డి. చేయాలనుకుంటున్న యువతీయువకులకు, వారిని చదివిస్తున్న తల్లిదండ్రులకు ఈ ప్రసంగం.

పరిశోధన అనగానే చాలామంది పెద్ద విషయం ఎత్తుకుంటారు. "వ్యవసాయంలో కంప్యూటర్" అంటారు. అది ఊరి పేరు చెప్పినట్టే. ఇల్లు ఏదో తెలియాలి గదా!

మన పొరుగున ఉన్న పాత చిత్తూరు జిల్లాలో, కాటూరు గ్రామంలో 1937లో పుట్టినవారు రాజ్ రెడ్డి గారు. మద్రాసు గిండీ కళాశాలలో సివిల్ ఇంజనీరింగు చదివారు. మనిషి మాటను యంత్రం ఎలా గుర్తిస్తుందన్న విషయం మీద అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో పని చేసి, 1966లో డాక్టరేటు పొందారు. ఎవరు మాట్లాడినా గుర్తించాలని ఆయన పెట్టుకోలేదు. సహకరించే ఒక్క మనిషి, ఆపకుండా పలికిన చిన్న వాక్యం, అందులోని ధ్వనులు. అంతవరకే గిరి గీసుకున్నారు. 1967లో ఆ పని అమెరికా ధ్వనిశాస్త్ర సంఘం పత్రికలో అచ్చయింది. 1969లో అదే పత్రికలో జాన్ పియర్స్ అనే పెద్ద శాస్త్రజ్ఞుడు ఈ రంగాన్నే తప్పుపడుతూ లేఖ రాశాడు. భాష తెలియని యంత్రం మాటను ఎట్లా పోల్చుకుంటుందన్నది ఆయన అభ్యంతరం. తర్వాత కార్నెగీ మెలన్‌లో రెడ్డి గారి బృందం తయారుచేసిన 'హియర్‌సే' చదరంగం ఎత్తులను విని గుర్తించేది. ఏ ఎత్తుకు వీలుందో యంత్రానికి తెలుసు కాబట్టి, సరిగా వినపడని మాటనూ ఊహించగలిగేది. 1994లో ఆయనకు ట్యూరింగ్ అవార్డు వచ్చింది.

మరి మన ప్రశ్న ఏది? "నాళె సంతకు వస్తావా?" అంటాం. మొదటి మాట కన్నడం, తక్కినది తెలుగు. ఇట్లా రెండు భాషలు కలిసిన మాట నేటికీ యంత్రాలకు చిక్కే. అనుమతి తీసుకుని బాగేపల్లి, చింతామణి మనుషుల మాటలు రికార్డు చేయండి. ఆడవారివి, ముసలివారివి కూడా. విన్నది విన్నట్టు రాయండి. కొందరి గొంతులను యంత్రానికి వినిపించకుండా దాచి, చివర వాటితోనే పరీక్షించండి. నేర్పిన గొంతులతోనే పరీక్ష పెడితే, ప్రశ్నపత్రం ముందే ఇచ్చినట్టు.

2022 యు.జి.సి. నిబంధనల ప్రకారం పిహెచ్.డి.కి కనీసం 3 ఏళ్లు, మామూలుగా గరిష్ఠం 6 ఏళ్లు. ముందే వ్యాసం అచ్చు కావాలన్న యు.జి.సి. షరతు ఇప్పుడు లేదు. విశ్వవిద్యాలయాల సొంత షరతులు వేరు, చేరేముందే అడగండి. మన ముద్దేనహళ్లిలో విశ్వేశ్వరయ్య సాంకేతిక విశ్వవిద్యాలయ కేంద్రం ఉంది, అక్కడే విచారించవచ్చు.

ఇక డబ్బు సంగతి. "ఇంత కట్టండి, వారంలో అచ్చు వేస్తాం" అని ఉత్తరాలు వస్తాయి. అప్పు చేసి కట్టేవారూ ఉన్నారు. తెలిసినవారు చదివి, తప్పులు పట్టి, దిద్దమని తిప్పి పంపడానికి నెలలు పడుతుంది. వారంలో అచ్చయితే ఎవరూ చదవలేదనే అర్థం. మంచి పత్రికల్లోనూ కొన్ని రుసుము అడుగుతాయి, నిజమే. కాని పరిశీలన ముగిసి, వ్యాసం అంగీకరించాకే. ఆ రంగంలో పేరున్నవారు అందులో రాస్తున్నారా, చూడండి. యు.జి.సి. తన పత్రికల జాబితాను 2025లో ఆపేసింది గనుక ఈ విచారణ ఇప్పుడు మీదే, మీ గైడుదే.