ఇప్పపువ్వు: బట్టీకే కాదు, వంటింటికి కూడా



ఫాల్గుణం వెళ్ళి చైత్రం వచ్చేసరికి ఉట్నూరు, ఇంద్రవెల్లి, తిర్యాణి అడవులలోను, ఇటు మంథని, మహదేవపూర్ వైపునను ఇప్పచెట్లు ఆకు రాల్చి పువ్వు పట్టుతవి. రాత్రి విచ్చిన పువ్వు తెల్లవారుజామున రాలుతుంది. ఇంటిల్లిపాదీ గంపలతో చెట్టు కిందికి పోతారు. ఇంత కష్టపడి ఏరిన పువ్వు చాలా ఇండ్లలో నెల తిరగకముందే సంతకో, సారాబట్టీకో పోతుంది. అదే ఇంట్లో బాలింతకు, బడికి పోయే ఆడపిల్లకు నెత్తురు చాలదు. కొంత పువ్వు ఇంట్లోకి ఉంచుకొనుడు మేలు.

“పువ్వు తింటే మత్తు రాదా?” అని కొందరడుగుతరు. రాదు. పువ్వులో ఉన్నది చక్కెర. పులియబెట్టి బట్టీ పెట్టినప్పుడే అది సారా అవుతుంది. చలిదేశాలలో జూనిపర్ అనే చెట్టు కాయలతో జిన్ అనే సారాకు వాసన కట్టుతారు. ఆ కాయలనే మాంసం కూరలో మసాలాగా వేసుకొంటారు. ఒకే సరుకు సీసాకూ పోవచ్చు, గిన్నెలోకీ రావచ్చు.

ఎండిన పువ్వులో సుమారు సగం చక్కెరలే. పనిచేసే ఒంటికి బలమిస్తుంది. సున్నము, ఇనుము కొంత ఉన్నవి కాని మాంసకృత్తులు తక్కువ. అందుచేత నువ్వులు, పల్లీలు కలుపవలెను. ఉట్నూరులో భీంబాయి ఆదివాసీ మహిళా సహకార సంఘం వారు చేసే ఇప్ప లడ్డులోని కిటుకు ఇదే. 2025 మార్చి 30న ప్రధానమంత్రి రేడియో ప్రసంగం ‘మన్ కీ బాత్’లో సైతం ఆదిలాబాద్ జిల్లా ఇప్పపువ్వు వంటకాల ప్రస్తావన వచ్చింది.

తినే పువ్వుకు శుభ్రత ముఖ్యం. చెట్టు కింద భూమికి రెండు మూడు అడుగుల ఎత్తున వలగాని, పాత చీరలుగాని కట్టండి. మట్టి అంటదు. పచ్చి పువ్వులో ముప్పాతిక వంతు నీరే కనుక ఆ రోజే పరదాపై పలుచగా ఆరబోయండి. గలగలమనేదాకా ఎండినాక నలిపి, లోపలి కేసరాలు చెరిగి, గాలి చొరని డబ్బాలో పెట్టండి. తేమ తగిలితే బూజు పడుతుంది. బూజు పట్టినది తినరాదు.

లడ్డుకు కిలో పువ్వు కడిగి, ఆరబెట్టి, సన్నసెగపై వేయించండి. అర్ధకిలో పల్లీలు, పావుకిలో నువ్వులు వేయించి, పావుకిలో బెల్లంతో కలిపి దంచి ఉండలు కట్టండి. రొట్టెకైతే పువ్వును ఉడికించి, మెత్తగా నలిపి, జొన్నపిండిలో కలుపుకోండి, బెల్లం అక్కరలేదు. ఆ పూట నిమ్మచెక్కో, ఉసిరికాయో తింటే ఇనుము ఒంటికి బాగా పట్టుతుంది.

రెండు మాటలు మరువకండి. చక్కెరవ్యాధి ఉన్నవారు దీనికి దూరంగా ఉండవలెను. నెత్తురు తక్కువైనవారు ఆసుపత్రిలో ఇచ్చే ఐరన్ మాత్రలు మానరాదు. లడ్డు మాత్రకు తోడే గాని బదులు కాదు.

ఇక చెట్టు సంగతి. పువ్వు కనబడాలని కింద ఆకు తగలబెట్టితే మొలకెత్తిన పిల్లచెట్లు మాడిపోతవి, నిప్పు అడవికి పాకుతుంది. వల కడితే నిప్పుతో పనే లేదు. పువ్వు మనమే ఏరి, గింజ నూనెకు మనమే ఏరి, మొలకను మనమే కాల్చితే రేపటి చెట్టు ఎక్కడిది? ఇప్పగింజ నిలువ ఉంటే మొలకశక్తి పోతుంది. వానాకాలం మొదట రాలిన తాజా గింజలను వెంటనే గట్ల మీద నాటండి. పూతకు రావడానికి పదేండ్ల దాకా పట్టవచ్చు. అయినా మన తాతలు కాచిన చెట్ల పువ్వునే గదా మనం ఏరుకొంటున్నది!

విస్తరణ కార్యకర్తలు ఈ సీజనులో ఊరికొక చెట్టు కిందనైనా వల కట్టి చూపవలెను. చెప్పిన మాటకన్న చూసిన పని నిలుస్తుంది.