ఎదురెండలో ఎలుగు
ఎండ వీపున పడేలా నిలబడి ఫోటో తీయమంటారు అందరూ. దరోజి కరడిధామలో, అదే 1994లో ఏర్పడిన ఎలుగుబంట్ల అభయారణ్యంలో, సాయంత్రం గుట్ట దిగే ఎలుగుని అలా తీస్తే బండమీద నల్ల ముద్దే వస్తుంది. ఎండ దాని వెనకనుంచి పడితే మాత్రం ఆ చింపిరి జుట్టు అంచంతా బంగారు గీతలా వెలుగుతుంది. ముఖం చీకట్లోనే ఉంటుంది, ఉండనీండి. ముఖం కోసమని ఫ్లాష్ కొడితే తిండికొచ్చిన జంతువు బెదురుతుంది.

చిక్కల్లా కెమెరాతోనే. నలుపు ఎక్కువుందని అది వెలుగు పెంచేస్తుంది, అంచు కాస్తా తెల్లగా పాలిపోతుంది. అందుకే ఎక్స్‌పోజర్ ఒకటి రెండు స్టాపులు తగ్గించాలి. వెనక ఆకాశం కన్నా నీడపట్టు గుట్ట ఉంటే మేలు.

ఫోన్‌తోనూ కుదురుతుంది: స్క్రీన్‌మీద నొక్కి, సూర్యుడి గుర్తుని కిందికి లాగండి. బ్రూస్‌పేట గోడలమీద ఉడతలకేం కొదవ? తోకతో మొదలుపెట్టండి.